బోల్ట్ బిగుసుకుంటే వెంటనే డై తిప్పకండి

రైఫిల్‌లో తూటాను చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) తోసి, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ హ్యాండిల్‌ను కిందికి దించుతుంటే చివర్లో పట్టేస్తుంది. బలం పెడితే మూసుకుంటుంది, పెట్టకపోతే అక్కడే ఆగిపోతుంది. కొన్న తూటాలతో ఈ ఇబ్బంది లేదు. పేల్చిన ఇత్తడి కేసులను (తూటా తొడుగులను) డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్ళీ సైజు చేసి, సొంతంగా నింపుకున్న తూటాలతోనే వస్తోంది. రీలోడింగ్ చేసేవాళ్ళలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య ఇది. ఎవరిని అడిగినా ముందుగా చెప్పే మందు ఒకటే: "సైజింగ్ డైని ఇంకాస్త కిందికి దించు." చాలాసార్లు ఆ మందు పనిచేస్తుంది. పనిచేయనప్పుడు మాత్రం మంచి కేసులు పాడవుతాయి, కొన్నిసార్లు ప్రమాదం కూడా తెస్తుంది.

మా గుంతకల్లులో రైల్వే డీజిల్ షెడ్డు ఉంది కాబట్టి ఫిట్టర్లకు కొదవ లేదు. నాదీ ఆ పనే. మా అక్క కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, వారాంతాల్లో రేంజ్‌కు వెళ్ళి గురి ప్రాక్టీస్ చేస్తాడు. వాడు ఫోన్ చేసి, "మామా, కేసు యాడ పట్టుకుంటాందో తెలీడం ల్యా" అన్నాడు. వాడు అడిగింది సరైన ప్రశ్న. ఎంత బిగుతుగా ఉంది అన్నది కాదు, ఎక్కడ తగులుతోంది అన్నది ముందు తెలియాలి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

ఇంకా ముందుకు వెళ్ళే ముందు చట్టం సంగతి. అమెరికాలో చాలామందికి ఇది ఇంట్లో చేసుకునే హాబీ. మన దేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తుపాకీ ఉంచుకోవడానికి ఉన్న లైసెన్స్, తూటాలు తయారు చేసుకోవడానికి లైసెన్స్ కాదు. అనంతపురంలోనో కర్నూలులోనో ఉన్నవాళ్ళు దీన్ని లోహం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి చదవాలి. చేతులు పెట్టాల్సింది చట్టం అనుమతించిన చోట ఉన్నవాళ్ళు మాత్రమే.

తూటా కేసుల ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఇది బాగా సాగుతుంది, సాగాక కొంత వెనక్కి వస్తుంది. రైఫిల్ కేసుకు కావలసిన గుణం సరిగ్గా ఇదే. ఉదాహరణకు .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటాలో గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా అనుమతిస్తారు. ఆ పీడనానికి కేసు గోడలు ఉబ్బి చాంబర్ గోడకు అతుక్కుంటాయి, గ్యాస్ వెనక్కి రాకుండా అడ్డుపడతాయి. పీడనం తగ్గగానే ఇత్తడి కాస్త ముడుచుకుంటుంది. ఆ కొద్దిపాటి ఖాళీ వల్లే ఖాళీ కేసును బయటికి లాగగలుగుతాం. కానీ ముడుచుకున్నాక కూడా కేసు పాత కొలతకు రాదు, దాదాపు ఆ చాంబర్ అచ్చులా మిగిలిపోతుంది. దాన్ని మళ్ళీ చాంబర్‌లో తేలిగ్గా పట్టేలా చేయడమే సైజింగ్ డై పని.

అడుగున ఒంటికంటే బయటికి పొడుచుకొచ్చే రిమ్ లేని, సీసాలా పైన సన్నబడే బాటిల్‌నెక్ కేసు చాంబర్‌లో ముందుకు పోకుండా ఆగేది భుజం దగ్గర, అంటే ఒళ్ళు మెడగా సన్నబడే వాలు దగ్గర. బోల్ట్ ముఖం నుంచి భుజం మీద నిర్ణయించిన బిందువు దాకా ఉన్న దూరాన్నే హెడ్‌స్పేస్ అంటారు. అందుకే కేసు బిగుతు అనగానే అందరూ భుజాన్నే అనుమానిస్తారు. నిజానికి తగలడానికి ఇంకా చోట్లున్నాయి: అడుగున గోడ మందంగా ఉండే భాగం, మెడ వెలుపలి వ్యాసం, మెడ అంచు, గుండు ముందుభాగం, అడుగు అంచు మీద లేచిన చిన్న బర్ (లోహపు ముల్లు). చాంబర్‌లో పేరుకున్న మసి కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. అందుకే మొదట చాంబర్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి చూడండి. ఈ మాట చాలా మామూలుగా అనిపిస్తుంది గానీ, మైక్రోమీటర్లు కొనే ముందు చేయాల్సిన పని ఇదే.

తగిలే చోటును పట్టుకోవడానికి బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్ అసెంబ్లీని, వీలైతే ఖాళీ కేసును బయటికి విసిరే ఎజెక్టర్‌ను కూడా తీసేయాలి. ఆ స్ప్రింగుల ఒత్తిడి చేతికి తగులుతుంటే అసలు బిగుతు ఎంతో తెలియదు. స్ప్రింగులు లేని బోల్ట్ హ్యాండిల్ దాని బరువుకే కిందికి జారిపోవాలి. ఇప్పుడు మూడు రకాల కేసులు విడివిడిగా పెట్టి చూడాలి: పేల్చి, ఇంకా సైజు చేయనిది ఒకటి, సైజు చేసిన ఖాళీది ఒకటి, గుండు మాత్రమే అమర్చిన డమ్మీ ఒకటి. డమ్మీలో పౌడరూ, దాన్ని అంటించే ప్రైమరూ ఉండకూడదు. ఇంట్లో కూర్చుని నిజమైన తూటాను చాంబర్‌లో పెట్టి పరీక్ష చేయడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా తగని పని.

ఈ మూడింటి జవాబులతోనే సగం సమస్య తేలిపోతుంది. సైజు చేయనిది తేలిగ్గా పట్టి, సైజు చేసింది బిగుసుకుంటే తప్పు సైజింగ్‌లో ఉంది. సైజు చేసిన ఖాళీ కేసు తేలిగ్గా పట్టి, గుండు పెట్టాక బిగుసుకుంటే తప్పు సీటింగ్‌లోనో (గుండును మెడలో కూర్చోబెట్టడం) క్రింపింగ్‌లోనో (మెడ అంచును గుండు మీదికి నొక్కడం) మెడలోనో ఉంది, సైజింగ్ డైని ముట్టుకోవాల్సిన పనే లేదు. అసలు పేల్చని కొత్త కేసు కూడా బిగుతుగా ఉంటే రైఫిల్‌నే గన్‌స్మిత్‌కు చూపించాలి.

ఆ తర్వాత బిగుసుకున్న కేసుకు మార్కర్ పెన్‌తో భుజం, మెడ, అడుగు భాగం అంతా నల్లగా పూసి చాంబర్‌లో పెట్టి, బోల్ట్ మూసి, తీసి చూడండి. తగిలిన చోట రంగు రాసుకుపోయి ఇత్తడి మెరుస్తుంది. షెడ్డులో బేరింగ్ ఎక్కడ పట్టుకుంటోందో చూడటానికి మేం ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పూసి చూస్తాం. ఇక్కడా అదే పద్ధతి. ఏ గేజూ ఇంత సూటిగా చెప్పదు. గేజ్ చెప్పేది ప్రామాణిక కొలత గురించి, రంగు చెప్పేది మీ చేతిలో ఉన్న రైఫిల్ గురించి.

రంగు భుజం మీద పోయిందనుకుందాం. అప్పుడు డై దించాల్సిందే. కానీ ఇక్కడే చాలామందిని తికమక పెట్టే సంగతి ఒకటుంది: డైని కొంచెం దించితే కేసు పొట్టి కాదు, ముందుకంటే పొడుగవుతుంది. మా మేనల్లుడికి జరిగింది ఇదే. సైజు చేయని కేసు కాస్త బిగుతుగా ఉండేది. డైని షెల్ హోల్డర్‌కు (నొక్కే ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే ముక్క) ఆనకుండా కొంచెం పైనే ఉంచి సైజు చేస్తే, బోల్ట్ అసలు మూసుకోకుండా పోయింది. డైలోనే తప్పుందనుకుని కొత్త డై కొనబోయాడు.

డైలోకి కేసు వెళ్ళేటప్పుడు ముందుగా నొక్కుడు పడేది గోడల మీద, భుజం మీద కాదు. రాగి సంగటి ముద్దను పిడికిట్లో నొక్కితే పైనుంచి ఉబికినట్టు, గోడలు లోపలికి నొక్కుకున్నప్పుడు ఇత్తడికి పోవడానికి మిగిలిన దారి ముందుకే. కాబట్టి భుజం ముందుకు జరుగుతుంది. డై లోపలి భుజం వచ్చి కేసు భుజాన్ని తాకేదాకా ఈ పెరుగుదల ఆగదు. తాకాక, ఇంకా దించితేనే భుజం వెనక్కి వెళ్ళడం మొదలవుతుంది. అంటే డైని పైనుంచి కిందికి దించుకుంటూ పోతే భుజం కొలత మొదట పెరిగి, ఒక దగ్గర ఆగి, తర్వాత తగ్గుతుంది. మధ్యలో ఆపినవాడికి అన్నింటికంటే బిగుతైన కేసు దక్కుతుంది. "కొంచెం దించితే ఇంకా బిగిసింది, కాబట్టి వెనక్కి తిప్పాలి" అనుకోవడం సహజమే, కానీ తప్పు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళు ఇంకా కిందికే వెళ్ళాలి.

ఎంత కిందికి అన్నది ఊహతో చేసే పని కాదు. మామూలు రీలోడింగ్ డైకి అంగుళానికి 14 మరలుంటాయి. ఒక పూర్తి చుట్టు తిప్పితే డై సుమారు 71 థౌ దిగుతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఎనిమిదో వంతు చుట్టు అంటేనే దాదాపు 9 థౌ. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు భుజాన్ని 1 నుంచి 2 థౌ వెనక్కి నెడితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు 3, 4 థౌ దాకా వెళ్తారు. ఒక థౌ దించాలంటే డైని కేవలం 5 డిగ్రీలు తిప్పాలి. ఒక్క చుట్టులో 360 డిగ్రీలున్నాయని గుర్తు పెట్టుకుంటే, "కాస్త తిప్పు" అనే సలహా ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. డై మీద, ప్రెస్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని, ప్రతిసారీ భుజాన్ని కంపారేటర్‌తో (కేసు అడుగు నుంచి భుజం దాకా దూరం కొలిచే సాధనం) కొలుచుకుంటూ వెళ్ళాలి. కొలిచేటప్పుడు పాత ప్రైమర్ తీసేయడం మరిచిపోకండి. అది ఏమాత్రం బయటికి ఉబ్బి ఉన్నా కొలత తప్పుతుంది.

కొన్నిసార్లు డై పూర్తిగా షెల్ హోల్డర్‌కు ఆనినా భుజం చాలినంత వెనక్కి రాదు. ఖాళీ ప్రెస్‌లో ఆనినట్టు కనిపించేది, కేసు బలంగా అడ్డుపడేసరికి ప్రెస్ సాగి సన్నని సందు వదులుతుంది. వెనక లైట్ పెట్టి చూస్తే ఆ సందు తెలుస్తుంది. డైని ఆనిన చోటు నుంచి ఇంకాస్త దించి, హ్యాండిల్ చివర్లో గట్టిగా దాటుకుని పడేలా చేస్తే సందు మూసుకుంటుంది. అప్పటికీ చాలకపోతే షెల్ హోల్డర్ పైముఖాన్ని కొన్ని థౌలు అరగదీసేవాళ్ళున్నారు. దానికి ముందు కేసుకు లూబ్ (జారడానికి రాసే జిడ్డు) సరిగ్గా రాస్తున్నారా లేదా చూసుకోండి. లూబ్ తక్కువైతే ప్రెస్ మీద బరువు పెరుగుతుంది, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. అవసరానికి మించి భుజం వెనక్కి పోతున్నవాళ్ళ కోసం రెడ్డింగ్ కంపెనీ 2 నుంచి 10 థౌల దాకా ఎత్తు ఎక్కువున్న షెల్ హోల్డర్ల సెట్టు అమ్ముతుంది. డైని కదపకుండానే తేడా తెచ్చుకోవచ్చు. నా దృష్టిలో అది పెట్టిన డబ్బుకు తగిన సాధనం.

ఎక్స్‌పాండర్ బాల్ సంగతి కూడా ఇక్కడే. కేసు డైలోంచి కిందికి వచ్చేటప్పుడు ఈ బంతి మెడ లోపలి నుంచి లాక్కుంటూ వస్తుంది. మెడ లోపల పొడిగా ఉంటే కీచుమంటూ భుజాన్నే ముందుకు లాగేస్తుంది. అంతవరకు జాగ్రత్తగా నెట్టిన ఒకటి రెండు థౌలు అక్కడే పోతాయి. ఆ బంతి ఉన్న కాడ తీసేసి ఒక కేసు, పెట్టి ఒక కేసు సైజు చేసి కొలిస్తే తేడా బయటపడుతుంది.

డై కదలకుండా అలాగే ఉంది, అయినా అదే బ్యాచ్‌లో కొన్ని కేసులు తేలిగ్గా, కొన్ని బిగుతుగా పడుతున్నాయంటే ఇత్తడి ముదిరిందని అనుమానించాలి. పేలిన ప్రతిసారీ, సైజు చేసిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడిన కొద్దీ నొక్కిన చోటు నుంచి ఎక్కువగా వెనక్కి లేస్తుంది. ఒకసారి పేల్చిన కేసునూ, ఎన్నోసార్లు పేల్చిన కేసునూ ఒకే అమరికలో నొక్కితే రెండూ ఒకే కొలతకు రావు. అందుకే కేసులను ఎన్నిసార్లు వాడారో చూసి వేరు చేసి పెట్టుకోవాలి. ప్రెస్‌లో కేసును పైకి నెట్టే ర్యామ్ పైకి వచ్చాక కొన్ని క్షణాలు అలాగే ఆపి ఉంచితే కొంత మేలు. అసలు మందు అనీలింగ్, అంటే మెడను, భుజాన్ని వేడిచేసి మెత్తబరచడం. ఇందులో ఒక్క నియమాన్ని మాత్రం ఎప్పటికీ దాటకూడదు: వేడి అడుగు భాగానికి చేరకూడదు. పీడనాన్ని మోసేది ఆ గట్టి అడుగే. అది మెత్తబడిన కేసు ఇక కేసు కాదు.

ఇత్తడి లోపల మిగిలిపోయే ఒత్తిడి గురించి చెప్పేటప్పుడు మన దేశానికి సంబంధించిన ఒక చరిత్ర చెప్పాలి. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. కొన్నాళ్ళకు ఎవరూ ముట్టుకోకుండానే కేసులు చిట్లిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి మూడూ కలిస్తే పగుళ్ళు వస్తాయని 1921లో గానీ స్పష్టంగా తేలలేదు. సీజన్ క్రాకింగ్ అని దీనికి పేరు. అందుకే అమ్మోనియా ఉన్న పాలిష్‌తో కేసులు మెరిపించడం నాకు నచ్చదు. మెరుపు వల్ల తూటా బాగా పేలేదేమీ లేదు.

రంగు అడుగు భాగంలో, అంచుకు కాస్త పైన పోయిందా? అప్పుడు డైని ఎంత దించినా లాభం తక్కువ. షెల్ హోల్డర్ అడ్డం ఉన్నందున డై అక్కడి దాకా పూర్తిగా దిగలేదు. రేంజ్‌లో ఏరుకున్న కేసుల్లో ఇది ఎక్కువ. వేరేవాళ్ళ తుపాకీలో, ముఖ్యంగా చాంబర్ వదులుగా ఉండే తుపాకీలో పేలిన కేసు అడుగు బాగా ఉబ్బి ఉంటుంది. స్మాల్ బేస్ డై అనే కాస్త ఇరుకైన డైతో ఒకసారి సైజు చేస్తే చాలావరకు దారికొస్తుంది. దానికీ లొంగని కేసులను వదిలేయడమే మంచిది. సొంత రైఫిల్ కేసులే అడుగున ఉబ్బుతుంటే మాత్రం డైని పక్కన పెట్టి పీడనం గురించి ఆలోచించాలి. పేల్చాక బోల్ట్ బలవంతంగా లేపాల్సి రావడం, ప్రైమర్లు చదునై పోవడం, కేసు అడుగున ఎజెక్టర్ గుర్తు మెరుస్తూ కనిపించడం, ఇవి పీడనం హద్దు దాటిందన్న సంకేతాలు. అక్కడ ఆగిపోయి, ఆ లోడ్‌ను (ఏ గుండుకు ఎంత పౌడరు అన్న లెక్కను) ప్రచురిత మాన్యువల్‌తో మళ్ళీ సరిచూసుకోవాలి.

గుండు పెట్టాకే బిగుసుకునే రకం వేరు. సీటింగ్ డైని మరీ కిందికి దించితే క్రింపింగ్ భాగం మెడ అంచును కిందికి తోసి, భుజం మొదట్లో కంటికి ఆనని ఉబ్బు తెస్తుంది. డైని పైకెత్తి, గుండును నెట్టే కాడను దించి గుండు పెడితే పోతుంది. గుండు మరీ బయటికి ఉంటే బ్యారెల్ గాడులను తాకుతుంది. గుండు మీద సమాన దూరంలో చిన్న గీతలు కనిపిస్తాయి. ఆ తూటాను బలంగా మూసి, పేల్చకుండా లాగితే గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి, పౌడరంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలకవచ్చు. పేల్చితే పీడనం పెరుగుతుంది.

అన్నింటికంటే భయపడాల్సింది మెడ పొడవు గురించి. సైజు చేసిన ప్రతిసారీ కేసు కాస్త సాగుతుంది. .308 వించెస్టర్‌కు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కత్తిరించాల్సింది 2.005కు. ఈ హద్దు దాటిన మెడ చాంబర్ చివరి అంచుకు గుద్దుకుని లోపలికి నొక్కుకుంటుంది, గుండును గట్టిగా పట్టేస్తుంది. మెడ వ్యాకోచించడానికి చోటుండదు, గుండు వదలదు, పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. బోల్ట్‌ను మూసినప్పుడు చేతికి తెలిసేది చిన్న బిగుతే. దాన్ని లెక్కచేయకుండా బలవంతంగా మూసి ట్రిగ్గర్ నొక్కేవాళ్ళను తలుచుకుంటే నాకు నిజంగా టెన్షన్. కొలవకుండా ఏ కేసూ నింపకండి. మెడ గోడ మందంగా ఉండి గుండు పెట్టాక వ్యాసం ఎక్కువైనా ఇదే గండం.

ఇక అతి మందు. బిగుతు పోవాలని డైని బాగా దించినవాళ్ళకు బోల్ట్ హాయిగా మూసుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ భుజం మరీ వెనక్కి పోయిన కేసు పేలినప్పుడు ముందుభాగం చాంబర్ గోడను పట్టుకుంటుంది, అడుగు వెనక్కి వెళ్ళి బోల్ట్‌ను తాకుతుంది. మధ్యలో గోడ సాగి పల్చబడుతుంది. ప్రతిసారీ అక్కడే సాగి, చివరికి కేసు రెండు ముక్కలవుతుంది. వేడి గ్యాస్ వెనక్కి, పేల్చేవాడి ముఖం వైపు వస్తుంది. దీని ముందస్తు గుర్తు అడుగుకు కాస్త పైన కేసు చుట్టూ కనిపించే మెరిసే గీత. సన్నని తీగను సాన పెట్టి, కొన వంచి, లోపలి గోడ వెంబడి అడుగు నుంచి పైకి లాగి చూడాలి. గాడిలో కొన తగిలి ఆగిందంటే ఆ కేసును ప్లయర్‌తో నలిపి తుక్కులో వేయాలి. ఒకదానిలో దొరికితే, అదే బ్యాచ్‌లో అదే డైతో అన్నిసార్లే సైజు చేసిన మిగతావన్నీ తీగతో చూడాల్సిందే.

మన జిల్లాల్లో లైసెన్స్ మీద .315 రైఫిల్ ఉన్నవాళ్ళకు ఒక మాట. ఆ తూటాకు రిమ్ ఉంటుంది, హెడ్‌స్పేస్ నిలిచేది ఆ రిమ్ మీద, భుజం మీద కాదు. కాబట్టి పైన భుజం గురించి చెప్పిన లెక్కలు దానికి అలాగే వర్తించవు. ఫ్యాక్టరీ తూటానే బిగుసుకుంటుంటే బలం పెట్టి మూయకండి. రైఫిల్ మొనను సురక్షితమైన వైపు ఉంచి తూటాను బయటికి తీయండి. ఖాళీ చేశాక చాంబర్ శుభ్రం చేసి, మరో పెట్టెలోని తూటాతో చూడండి. అదీ బిగుసుకుంటే రైఫిల్‌ను లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కు చూపించండి. మొదటి పెట్టె మాత్రమే బిగుసుకుంటే, దాన్ని బిల్లుతో సహా కొన్న డీలర్ దగ్గరికే తీసుకెళ్ళండి.